నాయన ఎడమ చెంప విషయమై

హనుమకొండ,
12 మార్చి 2025

గౌరవనీయురాలైన అక్క చిలుకమ్మ గారి సముఖమునకు,

విషయం: స్వర్గీయ నాయన గారి అర్ధవిగ్రహం – కంప్యూటర్‌పై చెక్కే బాధ్యతను నేనే స్వీకరించుట – ఎదురుముఖపు ఫొటో కోరుట – గురించి.

ఇక్కడ నా బీపీ, షుగరు గత త్రైమాసికపు స్థాయిలోనే కొనసాగుతున్నవి. అక్కడ తమరి మోకాళ్ళు, బావగారి మిరప చేను యథాస్థితిలో ఉన్నవని భావిస్తున్నాను. పవర్లూము షెడ్డులో ఇరవై రెండేళ్ళు పనిచేసిన ఫలితంగా తమరి చెవులు ఫోనును గుర్తించుట మానివేసినందున, లేఖ తప్ప మార్గాంతరం లేదు. వర్ధన్నపేటకు బస్సు ఉన్నదన్న సంగతి నా దృష్టిలో ఉన్నది. అయితే రాకపోకలలో రికార్డు మిగలదు.

వరంగల్‌లోని మన చేనేత సంఘం తన కొత్త హాలులో, నలభై మందికి జంపఖానా నేత నేర్పిన నాయన కట్టయ్య గారి విగ్రహం నిలపాలని తీర్మానించింది. ఆగస్టు ఏడున, చేనేత దినోత్సవం నాడు ఆవిష్కరణ. శిల్పిని వెదకవలసి ఉండగా నేను లేచి, ఆ పని నేనే చేస్తానని ప్రకటించాను. ఎందుకు లేచానో ఇప్పటికీ విచారణలోనే ఉన్నది. ఉద్యోగ విరమణ తరువాత నా మాటకు చప్పట్లు పడటం అదే ప్రథమం కాబట్టి, కూర్చోవటానికి వీలు చిక్కలేదు.

తత్ఫలితంగా ఇక్కడొక శిక్షణా కేంద్రంలో డిజిటల్ శిల్పకళ తరగతిలో చేరాను. మట్టి, ఉలి ఉండవు. తెరమీద ఒక బంతి ఉంటుంది. దానిని పెన్ను వంటి పుల్లతో నొక్కి, లాగి, నున్నగా చేసి తలగా మార్చాలి. తరువాత యంత్రం దానిని పొరలు పొరలుగా అచ్చుపోస్తుంది, ఆ అచ్చునుంచి విగ్రహం పోతపోస్తారు. తరగతిలో నాకు తప్ప అందరికీ నల్ల జుట్టే. నా మొదటి తల చూసి, మా గురువు నవీన్ (వయస్సు ఇరవై నాలుగు) ఎంతో మర్యాదగా, "గుమ్మడికాయ మంచిగొచ్చింది సార్, ఇగ మనిషిని షురూ చేద్దాం" అన్నాడు.

సాఫ్ట్‌వేర్ ఎంపికకు ఏకసభ్య సంఘాన్ని నియమించి, దానికి నేనే అధ్యక్షత వహించాను. మూడు కొటేషన్లు లేనిదే ఈ చేతితో పెన్సిల్ కూడా కొని ఎరుగను. జీబ్రష్: చెక్కుడులో పేరున్నది, చందా కట్టాలి. నోమాడ్: టాబ్లెట్ మీద వేలితో చెక్కవచ్చు, కాని నా వేలు వణుకుతుంది. బ్లెండర్: ఉచితం. చెక్కుటయే గాక రెండరింగ్, అనగా చెక్కిన రూపానికి దీపాలు అమర్చి, చర్మపు రంగు అద్ది, ఫొటో వంటి బొమ్మ తీయుట కూడా అందులోనే. సంఘం ఏకగ్రీవంగా బ్లెండర్‌ను ఆమోదించింది.

కావున, నాయన ఎదురుగా చూస్తున్న ఫొటో ఏదైనా ఉన్నచో పంపగలరు.

తమ విధేయ సోదరుడు,
శ్యాంసుందర్
(విశ్రాంత సహాయ రిజిస్ట్రారు)
ప్రతి: ఫైలుకు


వర్ధన్నపేట,
20 మార్చి

తమ్మీ శ్యామూ,

నీ ఉత్తరం పోస్టుమన్ ఇస్తుంటే కోర్టు నోటీసనుకొని మీ బావ ఇంట్లకు పోయి తలుపేసుకున్నడు. నేనే ఇప్పి చదివిన. సముఖమునకు ఏందిరా? నేనేమన్న తాసిల్దారునా? నీ ముక్కు చీదిన దాన్ని. తమరు, గారు అని రాస్తె వేరేటోళ్ళ ఉత్తరం దొంగతనంగ చదువుతున్నట్టున్నది.

మిరపకాయ ఎనుమాముల మార్కెట్టుకు పోయింది. మోకాళ్ళు నాతోనే ఉన్నయి.

నాయన బొమ్మ నువ్వు చేస్తనంటివి. సంతోషం. గుమ్మడికాయ సంగతి చదివి మీ బావ ఒక్కతీరు నవ్విండు. "ఆఫీసుల ఉన్నన్ని రోజులు గూడ గుమ్మడికాయలే చేసిండు, గిప్పుడు పేరు పెట్టిండ్రు" అన్నడు. కోపం చేసుకోకు.

గాని ఒక్కటి అడుగుత. నాయన మొఖం నీకు యాదికున్నదా? ఫొటో కావాల్నంటున్నవు గదా, అందుకే అడుగుతున్న. ఇంట్ల ఉన్నయి మూడే. నీ ఎమ్మే పట్టా నాటిది, మా బిడ్డ సునీత పెండ్లిది, ఓటరు కార్డుది. పంపుతున్న. పని అయినంక మళ్ళ పంపు. నాయన కనుబొమ్మల మీద ఎప్పుడు దూది పోగులుంటుండె. అవి మరువకు.

అక్క


హనుమకొండ,
9 ఏప్రిల్ 2025

గౌరవనీయురాలైన అక్కకు,

విషయం: మూలాధార ఫొటోలలో లోపాలు – ప్రత్యామ్నాయ ఏర్పాటు – మొదటి నమూనా పంపుట – గురించి.
సూచిక: తమరి లేఖ, తేదీ 20 మార్చి.

'తమరు' అను పదంపై తమరి అభ్యంతరాన్ని నమోదు చేసుకున్నాను. ముప్పై మూడేళ్ళ అలవాటు కాబట్టి సడలింపునకు కొంత వ్యవధి అవసరం. బావగారి వ్యాఖ్యను ఫైలు చేయలేదు.

ఫొటోలను పరిశీలించగా తేలినది: మూడింటిలోనూ నాయన కుడి చెంప మాత్రమే కనిపించేలా పక్కకు తిరిగి ఉన్నారు. పదమూడేళ్ళ వ్యవధిలో, మూడు వేర్వేరు చోట్ల, ముగ్గురు ఫొటోగ్రాఫర్లు ఒకే లోపం చేయుట శోచనీయం. ఓటరు కార్డుకు ఎదురుగా చూడాలన్న నిబంధన ఉండగా అధికారి ఎట్లా అనుమతించాడో తెలియదు. ఈ దేశంలో పర్యవేక్షణ అనేది ఏనాడూ లేదు.

అయితే నవీన్ ఉపాయం చెప్పాడు. "సిమ్మెట్రీ ఆన్ చేసుకోండి సార్. ఒక పక్క చెక్కితే రెండో పక్క అదే వస్తది. సగం పనికే మొత్తం మొఖం." అద్దంలో ప్రతిబింబం వలె, కుడి చెంపపై నేను గీసిన ప్రతి ముడత అదే క్షణంలో ఎడమ చెంపపై ప్రత్యక్షమవుతుంది. సగం పనికి పూర్తి ఫలితం వచ్చు విధానాన్ని నా ఉద్యోగ జీవితంలో ఎవరూ నాకు చెప్పకపోవడం విచారకరం.

రెండు నెలలు పడుతుందనుకున్న పని మూడు వారాలలో ముగిసింది. కనుబొమ్మలపై దూది పోగులను వెంట్రుకల బ్రష్షుతో ఒక్కొక్కటిగా నాటాను. రెండరింగ్ చేసి, మంచి కాగితంపై అచ్చు వేయించి దీనితో జతపరిచాను. నాయనను ఇట్లా సూటిగా మనవైపు చూస్తుండగా ఏ ఫొటోలోనూ చూడలేదు. తమరి ఆమోదం తెలుపగలరు.

విధేయుడు,
శ్యాంసుందర్


హనుమకొండ,
2 మే 2025

అక్కకు,

విషయం: రవాణాలో నమూనా చిత్రం దెబ్బతినుట – మెరుగుపరచిన నమూనా పంపుట – గురించి.
సూచిక: తమరి కవరు, తేదీ లేదు. అందులో లేఖ కూడా లేదు.

తమరు తిప్పి పంపిన కవరులో నమూనా చిత్రం సగమే ఉన్నది. నుదుటి నడుమనుంచి గడ్డం వరకు నిలువునా తెగిపోయి, నాయన ఎడమ చెంప ఉన్న భాగం మాత్రమే నాకు చేరింది. తెగిన అంచు అతి నున్నగా ఉండుట రవాణా ప్రమాదాలలో అరుదు. బాధ్యులెవరో తేలే వరకు ఎవరినీ నిందించను.

లేఖ లేకపోవుటను బట్టి, తమరికి పోలిక పూర్తిగా తృప్తి కలిగించలేదని ఊహించాను. దోషం సాఫ్ట్‌వేర్‌దేనన్న అనుమానంతో నెల చందా కట్టి తలను జీబ్రష్‌కు మార్చాను. అందులో చర్మపు రంధ్రాలు కూడా చెక్కవచ్చు. సుమారు నాలుగు వేల రంధ్రాలు చెక్కాను. పోలిక మారలేదు, నాయన మాత్రం కొంచెం చెమటపట్టినట్టు కనిపిస్తున్నారు.

అప్పుడు లోపం వెలుగులో ఉండవచ్చునని తోచింది. తలను తిరిగి బ్లెండర్‌కు తెచ్చి, త్వరగా ముగిసే రెండరింగ్ పద్ధతిని వదలి, వెలుగు నిజంగా ఎట్లా ప్రసరిస్తుందో లెక్కగట్టే నెమ్మది పద్ధతిని ఎంచుకున్నాను. ఒక్కో బొమ్మకు మూడు గంటలు పడుతుంది. దీపాన్ని కుడివైపుకు జరిపాను. ఎడమ చెంప ఇప్పుడు చాలా వరకు నీడలో ఉన్నది, చూపుకు గాంభీర్యం వచ్చింది. రెండు అట్టల నడుమ పెట్టి, 'వంచరాదు' అని మూడుచోట్ల రాసి పంపుతున్నాను.

విధేయుడు,
శ్యాంసుందర్


వర్ధన్నపేట,
12 మే

శ్యామూ,

రవాణా కాదు, ప్రమాదం కాదు. నేనే కత్తెరతోని కత్తిరించిన. సీదా కత్తిరించుడు నాకు మగ్గమే నేర్పింది. ఈసారి నీ అట్టలు అడ్డమొచ్చినయి, లేకుంటె ఇదిగూడ అయ్యేది.

నీకు నిజంగ సమజు కాలేదా, సమజు కానట్టు చేస్తున్నవా? కుడి సగం మా నాయనే. చూడంగనే "నాయనా" అని పిలిచిన, అంత మంచిగ చేసినవు. ఆ సగం నేను గోడకు అతికిచ్చిన. ఎడమ సగం ఎవరిదిరా? మా ఇంట్ల అసొంటి మనిషి లేడు. అందుకే ఎవరిది వాళ్ళకు పంపిన.

నాయన ఎడమ కన్ను ఏమాయె? పక్క మగ్గంల పోగు తీసుకపోయే నాడె ఎగిరొచ్చి తగిలి కంట్ల పువ్వు పడ్డనాడు నువ్వు యూనివర్సిటీల ఉన్నవు. హనుమకొండ దవాఖానల పదకొండు రోజులు నేనే ఉన్న. నువ్వు రెండుసార్లు వచ్చినవు. పద్దెనిమిదేండ్లు ఆ తెల్లకన్నుతోని మన నడుమ తిరిగిండు, నేసిండు, నవ్విండు. నీకు యాదికి లేదంటె నేను నమ్మ.

సిగ్గయితున్నదా? అయితె అట్ల చెప్పు. రంధ్రాలు, దీపాలు అనుకుంట నాకు రాయకు. నీడల పెడితివట. బతికున్నప్పుడు పెట్టింది సాలదా?

అక్క


హనుమకొండ,
20 మే 2025

అక్కకు,

విషయం: నాయన ఎడమ కంటికి సంబంధించిన అంశం – ప్రతిపాదనలు – గురించి.

తమరి లేఖ అందింది. సదరు కంటి విషయం నా జ్ఞాపకంలో ఉన్నదని ఇందుమూలంగా అంగీకరిస్తున్నాను. అయితే విగ్రహం బహిరంగ ప్రదేశంలో ఉండబోతున్నందున, చూపరుల దృష్టి నాయన సేవలపై కాక ఒక గాయంపై నిలుస్తుందేమోనన్న ఆలోచనతోనే ఆ అంశాన్ని పక్కన పెట్టాను. ఇది సిగ్గు కాదు, ఔచిత్యం.

ఈ విషయమై సంఘం అధ్యక్షుడు రమాకాంత్‌తో చర్చించాను. "కన్నుదేముందన్నా, నల్లద్దాలు పెట్టేద్దాం. పెద్దపెద్ద నాయకుల విగ్రహాలకు లేవా? జంపఖానా నేసినాయనకు గూడ జర హుందాగ ఉంటది" అన్నాడు. నాయన జీవితంలో అద్దాలు ధరించలేదని చెప్పగా, "విగ్రహమైనంక మనిషి ఎదుగొద్దా?" అని ప్రశ్నించాడు. ఈ ప్రశ్నను ఫైలులో నమోదు చేశాను.

కావున ఈ క్రింది మూడింటిలో ఒకదానికి టిక్కు పెట్టి తిప్పి పంపగలరు.

(అ) రెండు కళ్ళూ మూసి, ధ్యానంలో ఉన్నట్టు చెక్కుట.
(ఆ) నల్ల కళ్ళద్దాలు.
(ఇ) విగ్రహాన్ని హాలు మూలన, కుడి చెంప మాత్రమే జనానికి కనిపించేలా పక్కకు తిప్పి నిలుపుట.

మూడవదానికి ఖర్చు, శ్రమ రెండూ లేవు.

శ్యాంసుందర్


వర్ధన్నపేట,
30 మే

తమ్మీ,

దేనికీ టిక్కు పెట్టలే. మొదటి రెండు చదివి నీ మీద కోపమొచ్చింది. మూడోది చదివినంక కోపం పోయింది. కూసున్నకాడనే కూసున్న. మీ బావ వచ్చి "ఎవరు పోయిండ్రు?" అని అడిగిండు.

మూడు ఫొటోలల్ల ఒకటే లోపం, ఫొటోగ్రాఫర్ల తప్పు అని రాసినవు గదా. ఆ లోపం ఏందో నీకు తెల్వదు. ఇన్నేండ్లు చెప్పొద్దనే ఉన్న. ఇప్పుడు చెప్పకుంటె విగ్రహంల గూడ గట్లనే నిలబడుతడు నాయన.

నీ పట్టా నాడు ఫొటో దిగి ఇంటికొచ్చిండు గదా. తలకు చుట్టిన కొత్త రుమాలు తీయకుండనే అమ్మ కాడ కూసుండి, "కొడుకు చెప్పిండు. గిట్ల పక్కకు తిరిగితె నేను మంచిగ వస్తనట" అన్నడు. ఎట్ల తిరగాల్నో తిరిగి చూపిచ్చిండు. బాధతోని కాదు, సంబురంగనే చెప్పిండు. సదువుకున్నోడు చెప్పిండు, ఏదో ఉపాయమే అనుకున్నడు.

గంతే. ఆనాటి సంది ఎవ్వరు కెమెరా పట్టుకున్నా తనంతట తనే తిరిగేటోడు. ఓటరు కార్డు కాడ నేనే పక్కనున్న. "ముసలాయనా, సీదా చూడు" అని సారు మొత్తుకున్నడు. చూస్త చూస్త అంటడు, బటన్ నొక్కంగనే తిరుగుతడు. మూడుసార్లాయె. "సారూ, నాకు తెలుసు, గిట్లయితెనే మంచిగొస్త. మా కొడుకు ఎమ్మే" అన్నడు. ఎనుక లైన్ల ఉన్నోళ్ళు నవ్విండ్రు. సారుకు యాష్టకొచ్చి అట్లనే తీసి పంపిండు. నీకు పర్యవేక్షణ లేదంటివి. ఉండెరా. నాయనే వినలే, నీ మాట విన్నడు.

సిగ్గు నీ ఒక్కనిదే అని నేననను. సునీత పెండ్లిల పీటల కాడ నాయనను నేనే నిలబెట్టిన. తిరిగిండు. "నాయనా, సక్కగ చూడే" అని ఒక్క మాట అనొచ్చు. అనలే. వియ్యపోళ్ళు పక్కనే ఉండిరి. ఫొటో మంచిగ రావాల్నని నాకు గూడ ఉండె.

అక్క


హనుమకొండ,
18 జూన్ 2025

అక్కా,

ఈ లేఖకు 'విషయం' రాయబోయి మూడు కాగితాలు చించాను. అందుచేత అది లేకుండానే రాస్తున్నాను. నీకు జవాబు రాయడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. నా సర్వీసులో ఏ ఫైలూ ఇంత కాలం ఆపలేదు.

ఆ రోజు జరిగింది నీకు సగమే తెలుసు. స్టూడియోలో మేము ఐదుగురం స్నేహితులం, వెంట మా ఇళ్ళవాళ్ళు. ఒకతని తండ్రి వకీలు, మరొకతని తండ్రి హెడ్మాస్టరు. నాయన వంతు రాగానే ఫొటోగ్రాఫరు కెమెరా దించి, నావైపు చూశాడు. ఆ చూపుకు నేను జవాబు చెప్పాలనుకున్నాను. "నాయనా, జర అటు తిరుగు, మంచిగ వస్తవు" అన్నాను. వెంటనే తిరిగాడు. ఎందుకని అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి, తరువాత దాన్ని మరిచిపోయేవాణ్ణి కూడా. అడగలేదు.

అది ఒక్క రోజు తప్పనుకున్నాను. నలభై ఒక్క ఏళ్ళు అదే నమ్ముతూ వచ్చాను. ఒక్క నిమిషం కోసం నేను ఇచ్చిన మౌఖిక ఆదేశాన్ని ఆయన మిగిలిన పదిహేనేళ్ళూ పాటించాడని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. నేను జారీ చేసిన ఉత్తర్వులలో ఇంత నమ్మకంగా అమలైనది మరొకటి లేదు.

ఇంకొకటి చెప్పాలి. నువ్వు పంపిన ఫొటోలు తరగతికి తీసుకుపోయిన మొదటి రోజు, వాటిని చూసి నవీన్ "ఎవరు సార్ ఈయన?" అని అడిగితే, "సంఘం పెద్దమనిషి ఒకాయన" అన్నాను. అరవై రెండేళ్ళ వయసులో. అక్కడ వకీళ్ళూ లేరు, హెడ్మాస్టర్లూ లేరు. నిన్న అతని దగ్గరికి పోయి, "ఆయన మా నాయన, ఎడమ కన్ను లేదు" అని చెప్పాను. ఆ పిల్లవాడు, "మరి సిమ్మెట్రీ తీసేయాలె సార్. ఒకసారి తీసేసి చెక్కినంక మళ్ళ కలపాలంటే ఒక పక్కను చెరిపేసుడే. చూసుకోండి" అన్నాడు.

తీసేశాను. ఇక ఎడమ పక్క ఏం చెక్కినా నాయన కుడి పక్కకు తగలదు. ఎడమ కన్ను దగ్గర పుల్ల పెట్టి కూర్చున్నాను. అక్కా, నాకు రావడం లేదు. పువ్వు ఎంత మేర ఉండేదో, రెప్ప పూర్తిగా మూసుకునేదో లేదో, నవ్వినప్పుడు ఆ పక్క ఏమయ్యేదో నాకు తెలియదు. సాఫ్ట్‌వేర్ మారిస్తే వచ్చేది కాదది. పద్దెనిమిదేళ్ళు ఇంటికి వస్తూ పోతూ ఉండి కూడా, నేను ఆ కన్నువైపు ఒక్కసారీ నిలిచి చూడలేదు. నాయన నాతో మాట్లాడేటప్పుడు కూడా పక్కకు తిరిగే మాట్లాడేవాడు. అది ఆయన అలవాటనుకున్నాను.

ఆ పక్క నీకే తెలుసు. నువ్వు చెప్తూ ఉంటే నేను చెక్కుతాను. అందుకని పర్యటన కార్యక్రమం ఇట్లా వేసుకున్నాను. అలవాటు పోలేదు, క్షమించు.

22 జూన్, ఆదివారం.
ఉదయం 9.10: హనుమకొండలో ఖమ్మం బస్సు. వెంట లాప్‌టాప్, పుల్ల, చార్జరు, నీ మూడు ఫొటోలు.
10.30: వర్ధన్నపేట.
10.45: బావ గుమ్మడికాయ మాట అనుట. నేను ఊరుకొనుట.
11.00 నుంచి: నాయన ఎడమ కన్ను. ముగింపు సమయం పేర్కొనలేదు.

రమాకాంత్‌కు అద్దాలు వద్దని రాసి ఇచ్చాను. విగ్రహం హాలు నడుమ, ద్వారానికి ఎదురుగా ఉంటుంది. "వచ్చినోళ్ళంతా కన్నే చూస్తరు గదన్నా" అన్నాడు. చూడనీ అన్నాను. అన్న తరువాత కూడా నా ముఖం వేడెక్కింది. అది కూడా నీకు చెప్పాలి.

ఆ రోజు నేను నీకు ముఖం ఎట్లా చూపించాలో తెలియడం లేదు.

నీ తమ్ముడు,
శ్యాము


వర్ధన్నపేట,
20 జూన్

తమ్మీ,

ఈ కార్డు నువ్వు బస్సెక్కేలోపల అందుతదో లేదో. రా. కరెంటు పదకొండింటికి పోతది, రెండింటికి వస్తది. చార్జింగు పెట్టుకొని రా.

రెప్ప పూర మూసుకునేది కాదు. నిద్రల గూడ సన్నగ తెరిచే ఉంటుండె. నవ్వితె ముందుగాల ఆ కంట్లకెల్లి నీళ్ళు కారేటియి, బుజానికి తుడుసుకునేటోడు. మిగిలింది వచ్చినంక చెప్త.

మొఖం ఎట్ల చూపియ్యాల్నంటివి. నాకు చెవులు వినరావని మరిచినవా? మనిషి పెదాలు చూస్తెనే నాకు మాట సమజయితది. వచ్చి నాకు ఎదురుంగ కూసో. పక్కకు తిరగకు.

అక్క